పేరు పెట్టి తలచుకోవడం

ప్రశ్న: మా అమ్మాయి చదివే కళాశాలలో ఏటా నవంబరు 20న కొవ్వొత్తులు వెలిగించి, హత్యకు గురైన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పేర్లు ఒక్కొక్కటిగా చదువుతారు. ఈసారి నేనూ వెళ్లాను. మనసు బరువెక్కింది గానీ సందేహం తీరలేదు. హత్యకు గురైనవారు ఎవరైనా మనుషులే కదా, వీరికి విడిగా ఒక రోజు ఎందుకు? ముక్కూ మొహం తెలియనివారి పేర్లు చదివితే ఒరిగేదేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్రాణం ఎవరిదైనా ఒకటేనన్న మీ మాటతో నాకు పేచీ లేదు. కానీ ప్రాణం పోయాక అందరికీ ఒకే మర్యాద దక్కలేదు. ఈ రోజు పుట్టింది ఆ తేడాలోంచే.

అమెరికాలోని బోస్టన్ నగరంలో, ఆల్‌స్టన్ అనే ప్రాంతంలో రీటా హెస్టర్ అనే నల్లజాతి ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగబిడ్డ అనుకున్నా, స్త్రీగా బతికిన వ్యక్తి) నివసించేవారు. 1998 నవంబరు 28న ఎవరో ఆమెను సొంత ఇంట్లోనే కత్తితో పొడిచి చంపారు. మరో రెండు రోజులుంటే ఆమెకు 35 ఏళ్లు నిండేవి. ఆ మరణవార్త రాసిన స్థానిక పత్రికలు ఆమెను మగవాడిగానే పేర్కొని, ఆమె పేరును అదేదో వేషానికి తగిలించుకున్న పేరన్నట్టు కొటేషన్ గుర్తుల మధ్య అచ్చువేశాయి. డిసెంబరు 4న ఆమెను ఎరిగినవారు కొవ్వొత్తులు పట్టుకుని ఆ ఇంటిదాకా నడిచి వెళ్లారు. కన్నతల్లి ఆ గుమ్మం ముందే మోకాళ్ల మీద కూలబడి ఏడ్చారు. హంతకులెవరో ఇప్పటికీ తేలలేదు.

గ్వెండొలిన్ ఆన్ స్మిత్ అనే మరో ట్రాన్స్ మహిళ ఆ రోజుల్లో తనవారితో ఈ హత్య గురించి మాట్లాడుతూ, షనెల్ పికెట్ పేరెత్తారు. షనెల్ కూడా ట్రాన్స్ మహిళే. మూడేళ్ల ముందు, 1995 నవంబరు 20న, అదే బోస్టన్ పరిసరాల్లో ఆమె ప్రాణం తీశారు. ఆ కేసులో నిందితుడిపై హత్యానేరం నిలవలేదు. దాడి చేసినందుకు మాత్రం రెండేళ్ల జైలుశిక్ష పడింది. అంత అన్యాయం జరిగిన మూడేళ్లకే, స్మిత్ అడిగినవారికి షనెల్ పేరు గుర్తులేదు. ఆమెను కలచివేసినది ఇదే. బయటివారు మరిచిపోవడం సరే, సొంతవారు కూడా మరిచిపోతే ఇక ఆ మనిషి బతికినట్టు చెప్పేవారెవరు? మరణించినవారి పేర్లను ఒకచోట చేర్చే పని ఆమె అలా మొదలుపెట్టారు. 1999లో ఆరంభమైన సంస్మరణ దినానికి మూలం ఆ పనే.

ఇక విడిగా ఎందుకన్నది. విద్వేషంతో చేసిన హత్య ఒక్క మనిషితో ఆగదు, అలాంటివారందరికీ ‘మీకూ ఇదే గతి’ అన్న బెదిరింపుగా చేరుతుంది. 1998 అక్టోబరులో వయోమింగ్ రాష్ట్రంలోని లారమీ ఊరి శివార్లలో మాథ్యూ షెపర్డ్ అనే గే విద్యార్థిని కొట్టి, కంచెకు కట్టేసి, చలిలో వదిలేసి పోయారు. మర్నాడు సైకిల్ మీద అటుగా వచ్చిన ఒకతను దూరం నుంచి చూసి దిష్టిబొమ్మ అనుకున్నాడట. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నేను కాసేపు ఆగిపోతాను. మాథ్యూ అక్టోబరు 12న ఆసుపత్రిలో కన్నుమూశాడు. వయసు 21. సమాధి కడితే దాన్ని కూడా పాడుచేస్తారన్న భయంతో తల్లిదండ్రులు అతని అస్థికలను 20 ఏళ్లు తమ దగ్గరే ఉంచుకుని, 2018లో వాషింగ్టన్ నేషనల్ కేథడ్రల్‌లో నిక్షిప్తం చేశారు. విద్వేష నేరాలపై 2009లో అమెరికా చేసిన చట్టానికి అతని పేరు, నల్లజాతివాడైనందుకు హత్యకు గురైన జేమ్స్ బర్డ్ జూనియర్ పేరు కలిపి పెట్టారు.

కాబట్టి మీరు విన్న ఆ పేర్లలో చాలావాటికి, అంతకుముందు ఎవరూ మర్యాదగా పలికిన సందర్భం ఉండి ఉండకపోవచ్చు. ఒరిగేది అది. వచ్చే ఏడాది కూడా తప్పక వెళ్లండి.

ప్రశ్న: మేం జరపబోయే సంస్మరణ సభలో, హత్యకు గురైన మా ట్రాన్స్ మిత్రురాలిని ఆమె ఎంచుకున్న పేరుతో తలచుకోవాలని మా కోరిక. ఇంటివారేమో పుట్టినప్పటి పేరే చదవమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ఆమె ఎంచుకున్న పేరే చదవండి. రీటా విషయంలో పత్రికలు చేసిన తప్పు మీ సభలో జరగకూడదు. అయితే ఇంటివారిని దూరం పెట్టవద్దు. పెంచిన చేతులకు ఆ పాత పేరు అలవాటై ఉంటుంది, అది కూడా దుఃఖమే. ముందుగా ఇంటికి వెళ్లి, ఆ పేరును ఆమె ఎందుకు కోరుకుందో మీకు తెలిసినంత చెప్పి, సభకు పిలవండి. ఎలా చంపారన్న వివరాలు వేదిక మీద వద్దు; ఆమె ఏం ఇష్టపడేదో, ఎలా నవ్వేదో చెప్పండి. చదివే వ్యక్తి అన్ని పేర్లనూ ముందురోజే పైకి పలికి చూసుకోవాలి. ఒక పేరుకూ మరో పేరుకూ మధ్య కాస్త నిశ్శబ్దం ఉండనివ్వండి, అక్కడికి వచ్చిన తల్లి తల ఎత్తి చూసేంత సేపు.