బీరువాను తాకితే చాలదు: రౌటర్ మూత విప్పే ముందు చూసుకోవలసినవి

శాఖా కార్యాలయంలోని సిస్కో 2911 రౌటర్‌లో మెమరీని 512 ఎంబీ నుంచి 1 జీబీకి పెంచాలనీ, అద్దెకు తీసుకున్న ప్రత్యేక లైను, అంటే లీజు లైను వచ్చే సీరియల్ కార్డును మార్చాలనీ రాశారు. ఒంటి మీది స్థిర విద్యుత్తును వదిలించడానికి చేతికి కట్టుకునే యాంటీ స్టాటిక్ పట్టీ లేదు కాబట్టి చెప్పులు విప్పి, పక్కనున్న ఇనుప బీరువాను ఒకసారి తాకి పని మొదలుపెడితే సరిపోతుందా అని అడిగారు. రౌటర్‌ను ఆపకుండానే కార్డు లాగేయవచ్చా అన్నది మీ చివరి ప్రశ్న. ఇలాంటి శాఖల్లో పద్నాలుగేళ్లుగా రౌటర్లు విప్పుతూ బిగిస్తూ ఉన్నాను. నా చేతిలో పాడైనవీ ఉన్నాయి. మీకు పనికొచ్చేవి అవే కనుక వాటి గురించే ఎక్కువ రాస్తాను.

చివరి ప్రశ్నకు ముందు జవాబు. లాగకూడదు. కరెంటు ఉండగానే కార్డులు మార్చుకునే వీలు కొన్ని పెద్ద రౌటర్లలో ఉంటుంది. పాత 7200 శ్రేణిలో పోర్ట్ అడాప్టర్లు అనే కార్డులను అలాగే మార్చేవాళ్లం. ఆ అలవాటుతోనే చాలామంది 2911 దగ్గర పొరబడతారు. దానిలోని నాలుగు చిన్న కార్డుల అరలకు ఆ వీలు లేదు, రౌటర్‌ను ఆపి తీరాలి. కాబట్టి శాఖ మేనేజరు దగ్గర గంట సమయం అడిగి తీసుకోండి. పని అరగంటలో అవుతుంది. మిగతా అరగంట మీరు మరచిపోయిన దాని కోసం.

ఇక బీరువా సంగతి. వట్టి గచ్చు మీద చెప్పులు లేకుండా నిలబడితే ఒంటి మీది స్థిర విద్యుత్తు కొంత పోతుంది, నిజమే. వినైల్ పరిచిన నేల మీదో, కార్పెట్ మీదో అయితే చెప్పులు విప్పినా ఒకటే, విప్పకపోయినా ఒకటే. బీరువాకేమో ఒళ్లంతా రంగు, కాళ్ల కింద చెక్క ముక్కలు. దానికి భూమితో సంబంధమే లేదు. దాన్ని తాకితే మీ మీద ఉన్న ఛార్జీలో కొంత దానికి పంచినట్టవుతుంది. ఒకవేళ అంతా పోయిందనే అనుకున్నా, మీరు ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేసేసరికి మళ్లీ చేరుతుంది.

తలుపు పిడి తాకినప్పుడు వేలికి చురుక్కుమని తగలాలంటే మన ఒంటి మీద సుమారు 3,000 వోల్టులు ఉండాలి. మెమరీ చిప్పులు దెబ్బతినడానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. అంటే చాలాసార్లు నష్టం జరిగిన సంగతి మన వేలికి తెలియదు. ఇది నాకు పుస్తకంలో చదివినప్పుడు ఎక్కలేదు. హైదరాబాద్‌లో ఒక జనవరిలో ఎక్కింది. ఏసీ గది, కింద కార్పెట్, ఒంటి మీద సింథటిక్ స్వెటర్. పట్టీ సంచిలోనే ఉంది, తీయడానికి బద్ధకించాను. మెమరీ బిగించాను, రౌటర్ లేచింది, అంతా సవ్యంగా ఉందని సంతకం తీసుకుని వచ్చేశాను. మూడు వారాల తరువాత ఆ రౌటర్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలవడం ప్రారంభించింది. మొదట వారానికి ఒకసారి, తరువాత రోజుకు రెండుసార్లు. లైను తప్పు అన్నారు, యూపీఎస్ తప్పు అన్నారు, ఆ రెండూ మార్చారు. చివరకు నేను పెట్టిన మెమరీ తీసి వేరొకటి పెడితే ఆగింది. అది నా చేతి వల్లే పోయిందని నిరూపించలేను. అయినా ఆ రోజు నుంచి పట్టీ కట్టకుండా మూత విప్పలేదు. స్థిర విద్యుత్తు తగిలిన చిప్పు అక్కడికక్కడే చచ్చిపోతే అదృష్టమే. కుంటుతూ బతికితేనే అసలు కష్టం.

పట్టీ పెద్ద ఖరీదు కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ బజారులో ఎక్కడైనా దొరుకుతుంది. దొరకలేదని మాత్రం సొంతంగా చేసుకోవద్దు. ఒక కుర్రవాడు మణికట్టుకు వట్టి రాగి తీగ చుట్టుకుని దాని రెండో కొసను ఎర్తుకు కట్టుకోబోతుంటే చూసి గుండె ఆగినంత పనైంది. అసలు పట్టీ తీగలో 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. పొరపాటున 230 వోల్టుల తీగ తగిలినా ఆ రెసిస్టర్ వల్ల ఒంటి గుండా పారేది 0.23 మిల్లీ ఆంపియర్లే, అంటే మనిషికి తెలిసీ తెలియనంత. రాగి తీగతో అయితే మిమ్మల్ని మీరే భూమికి కట్టేసుకుని కరెంటుకు దారి చూపినట్టు. కొనుక్కున్న పట్టీకి కూడా రెసిస్టర్ ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడండి. 1 నుంచి 10 మెగా ఓముల మధ్య చూపాలి. దాని మొసలి క్లిప్పును రౌటర్ ఇనుప పెట్టె అయిన ఛాసిస్‌పై రంగు లేని లోహానికి తగిలించండి. రంగు మీద తగిలిస్తే బీరువాను తాకినట్టే.

ఇక్కడ చాలామంది గమనించని ఒక మెలిక ఉంది. రౌటర్‌కు భూమితో సంబంధం సాధారణంగా కరెంటు తీగలోని మూడో పిన్ను ద్వారా ఉంటుంది. భద్రత కోసం ఆ తీగ లాగేయాలి కదా, లాగగానే ఎర్తు కూడా పోతుంది. ఇప్పుడు మీ పట్టీ గాలిలో వేలాడుతున్న ఇనుప పెట్టెకు కట్టి ఉన్నట్టు. అందుకే ఛాసిస్‌పై ఎర్తు తీగ బిగించుకోవడానికి విడిగా ఒక చోటు ఇచ్చారు. అక్కడ ఆకుపచ్చ తీగ బిగించి, దాని రెండో కొసను భవనం ఎర్తుకు గాని, సరిగా ఎర్త్ చేసిన ర్యాక్‌కు గాని కలపండి. బిగించేటప్పుడు ఈ తీగ అన్నిటికంటే ముందు, విప్పేటప్పుడు అన్నిటికంటే చివర. ర్యాక్‌లోంచి రౌటర్‌ను బల్ల మీదికి దించినా ఈ తీగ అందేటంత పొడుగు ఉంచుకోండి. మన శాఖల్లో సగానికి సగం రౌటర్లకు ఈ తీగ ఉండనే ఉండదు. నేను సంచిలో రెండు మీటర్లది ఒకటి ఎప్పుడూ ఉంచుకుంటాను.

గోడలో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తు ఉందనుకోకండి. ఒక అద్దె భవనంలో సాకెట్ పలక విప్పి చూస్తే వెనుక రెండే తీగలు వచ్చాయి, పైనున్న పెద్ద రంధ్రం అలంకారమే. మల్టీమీటర్ ఉంటే రెండు నిమిషాల పని. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత చూపిందో, ఫేజుకూ ఎర్తుకూ మధ్య ఇంచుమించు అంతే చూపాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య 3 వోల్టులు దాటితే నేను పని మొదలుపెట్టకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలిపించమంటాను. ఈ కొలతలు అలవాటు లేకపోతే మీరు తీయవద్దు, అవి కూడా ఆయన చేతే తీయించండి. వేసవిలో ఎర్తు గొయ్యిలో బొగ్గూ ఉప్పూ ఎండిపోయి ఉంటాయి. నాలుగు బిందెల నీళ్లు పోస్తే సంఖ్య మారిపోవడం కళ్లారా చూశాను.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇంకొక పని. ఇది కరెంటు కన్నా ఎక్కువ మందిని ముంచింది. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు నేరుగా కలిపే కన్సోల్ తీగ తగిలించి, తెర మీద వచ్చేదంతా ఫైలులో పడేలా లాగ్ నమోదు మొదలుపెట్టి, షో రన్, షో వర్షన్, షో ఇన్వెంటరీ, షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్ అనే నాలుగు ఆదేశాలూ కొట్టి, వాటి జవాబులు మీ ల్యాప్‌టాప్‌లో దాచుకోండి. ఫ్లాష్ కార్డులోని ఐఓఎస్ ఫైలు, అంటే రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, కూడా కాపీ చేసుకోండి. ఎందుకంటే, సీరియల్ కార్డు లేకుండా రౌటర్ లేచినప్పుడు దానికి సంబంధించిన సీరియల్ 0/0/0 ఆకృతీకరణ (కాన్ఫిగరేషన్) అంతా 'అలాంటి ఇంటర్‌ఫేస్ లేదు' అని పక్కన పడిపోతుంది. అప్పటికింకా నష్టం లేదు, నిల్వ ఉన్న ప్రతిలో అది భద్రంగానే ఉంటుంది. ఆ స్థితిలో ఎవరైనా అలవాటు కొద్దీ, అప్పుడు నడుస్తున్నదాన్నే నిల్వ చేసే రైట్ మెమరీ ఆదేశం కొట్టారా, ఉన్న ప్రతి కూడా పోయింది. నేనే కొట్టాను. పాత కార్డు తీసి, కొత్తది వచ్చేలోగా మెమరీ మాత్రం పరీక్షిద్దామని రౌటర్ లేపి, అంతా బాగుందని సేవ్ చేశాను. తరువాత కార్డు పెడితే దాని ఐపీ చిరునామా లేదు, లైను మీద డేటాను ఏ పద్ధతిలో చుట్టి పంపాలో చెప్పే ఎన్‌క్యాప్సులేషన్ లేదు. రాత్రి పది గంటలకు ప్రధాన కార్యాలయంలో ఎవరినో నిద్ర లేపి అడిగి రాసుకున్నాను.

కొత్త కార్డును పాతది ఉన్న అరలోనే పెట్టమనేది కూడా ఇందుకే. పక్క అరలో పెడితే అది సీరియల్ 0/1/0 అవుతుంది, పాత వివరాలు దానికి అంటవు. తీసే ముందు ఫోన్‌తో వెనుక వైపు రెండు ఫోటోలు తీసుకోండి, ప్రతి తీగకూ కాగితం చీటీ అంటించండి.

ఇప్పుడు ఆపండి. స్విచ్చి ఆపడంతో సరిపెట్టకుండా తీగను రౌటర్ వెనుక నుంచి పూర్తిగా లాగండి. యూపీఎస్ ఆపాను కదా అని వదిలేయవద్దు, ఎవరో వచ్చి దాన్ని వేస్తారు. ఉంగరాలు, గాజులు, కడియం, గడియారం తీసి జేబులో వేసుకోండి. మెడలో వేలాడే గుర్తింపు కార్డును మరచిపోతారు. ఆ ప్లాస్టిక్ కార్డు సరాసరి మదర్‌బోర్డు మీద ఊగుతుంటుంది. 2911 బరువు కార్డులు లేకుండానే 8 కిలోలు. ర్యాక్ మరలు విప్పేటప్పుడు కింద పట్టుకోవడానికి ఇంకొకరు ఉండాలి.

మూత తీశాక మెమరీ కనబడుతుంది. రెండు చివరల ఉన్న పిడులను బయటికి నొక్కితే పాతది లేస్తుంది. కొత్తదాన్ని అంచులతోనే పట్టుకోండి, బంగారు పూత పిన్నులను తాకవద్దు. కింది అంచులోని గంటు సాకెట్‌లోని గడ్డతో సరిపోవాలి. రెండు చివరలా ఒకేలా బొటనవేళ్లతో అదిమితే పిడులు వాటంతట అవే లేచి పట్టుకుంటాయి. మీరు చేత్తో మూయాల్సి వస్తే మెమరీ ఇంకా దిగలేదన్నమాట. పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దానివల్ల పూతా అరుగుతుంది, రుద్దుడుకు స్థిర విద్యుత్తూ పుడుతుంది. మురికి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డ చాలు. డెస్క్‌టాప్ మెమరీ చూడ్డానికి అలాగే ఉందని పెట్టకండి. ఈ రౌటర్‌కు సరిపోయే భాగం సంఖ్య చూసి కొనండి. ఈ నమూనా అమ్మకం 2017లో ఆగింది, తయారీదారు మద్దతు 2022తో ముగిసింది. మీకు దొరికేది వాడిన సరుకే కావచ్చు. అది వెండిరంగు సంచిలో మూసి వస్తేనే తీసుకోండి. ఆ సంచి భాగాన్ని కాపాడేది అది లోపల ఉన్నప్పుడే. సంచిని బల్ల మీద పరిచి దాని మీద కార్డు పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, దానివల్ల వచ్చే రక్షణ లేదు.

లోపల దుమ్ము ఉంటే ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ తేవద్దు, దాని గొట్టమే స్థిర విద్యుత్తును పుట్టిస్తుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి, తిరగనివ్వవద్దు. విద్యుత్ సరఫరా పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. 230 వోల్టులు లోపల సుమారు 325 వోల్టుల డీసీ అవుతాయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో అది మిగిలి ఉండవచ్చు. అది పాడైతే మొత్తంగా మార్చడమే.

సీరియల్ కార్డు తేలిక. రెండు మరలు వదులు చేసి, నేరుగా లాగి, కొత్తదాన్ని పట్టాల వెంట నెట్టి, ముందు పలక ఛాసిస్‌కు ఆనేదాకా అదిమి, అప్పుడు మరలు బిగించండి. మరలతో లాక్కుని కూర్చోబెట్టకండి. దానికి తగిలించే స్మార్ట్ సీరియల్ తీగ విషయంలో జాగ్రత్త. ఆ చిన్న 26 పిన్నుల కొన తలకిందులుగా కూడా బలవంతంగా దూరుతుంది, పిన్నులు వంగిపోతాయి. గట్టిగా ఉందనిపిస్తే ఆగి టార్చి వేసి చూడండి. అవతలి కొసలో మోడెమ్‌కు తగిలే పెద్ద వి.35 కనెక్టర్‌తో ఈ బాధ లేదు, దాని బరువుతోనే బాధ. మరలు బిగించకపోతే తనే ఊడి వస్తుంది.

ఖాళీ అరలకు మూత పలకలు తప్పక పెట్టండి. గాలి దారి తప్పకుండా ఉండటానికని పుస్తకాల్లో ఉంటుంది. మన ఊళ్లలో ఇంకొక కారణం ఉంది. పలక లేని అరలోంచి దూరిన బల్లి వెచ్చగా ఉందని లోపలే గుడ్లు పెట్టిన రౌటర్‌ను నేను విప్పాను.

అన్నీ బిగించాక ముందు కన్సోల్, తరువాత కరెంటు. లీజు లైను, లాన్ తీగలు ఇంకా తగిలించకుండా రౌటర్ పూర్తిగా లేచేదాకా తెర చూస్తూ కూర్చోండి. షో వర్షన్‌లో మెమరీ రెండు సంఖ్యలుగా కనబడుతుంది, 512 ఎంబీ ఉన్నప్పుడు 483328కె/40960కె అన్నట్టు. ఆ రెండూ కలిపితే 524288కె, అంటే సరిగ్గా 512 ఎంబీ. మొదటి సంఖ్య ఒక్కటే చూసి మెమరీ తక్కువ వచ్చిందని దుకాణం మీదికి వెళ్లినవాళ్లున్నారు. మీది 1 జీబీ కనుక మొత్తం 1048576కె రావాలి. తరువాత షో ఇన్వెంటరీలో కొత్త కార్డు, షో రన్‌లో దాని ఐపీ చిరునామా కనబడ్డాయని చూసుకున్నాకే రైట్ మెమరీ కొట్టండి.

తీసిన పాత మెమరీని కొత్తది వచ్చిన సంచిలోనే మూసి, తేదీ రాసి, శాఖలోనే రెండు నెలలు ఉంచండి. నేను మూడు వారాలకు వెనక్కి వెళ్లినప్పుడు పాతది అప్పటికే చెత్తలో పోయింది. ఇంకొకటి దొరికేదాకా ఆ శాఖ రోజుకు రెండుసార్లు ఆగుతూనే ఉంది.