‘హుర్రా’ అన్న ఉదయం

తమ్ముడూ,

నీ నవల మొదటి ఐదు అధ్యాయాలు అందాయి. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. 1917 నాటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌ను తెలుగులో రాయబూనడం సాహసమే. నీ వయసులో నేను విశాలాంధ్ర దుకాణంలో కొన్న మాస్కో అచ్చు పుస్తకాలు చదివి, ఆ ఊరు నాకు తెలుసనుకున్నాను. తెలియదని తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందు చిన్న తప్పులు. రెండో అధ్యాయంలో లెనిన్ చేత ఫిబ్రవరిలోనే ఉపన్యాసం ఇప్పించావు. ఆయన అప్పుడు జ్యూరిచ్‌లో ఉన్నాడు. పెట్రోగ్రాడ్‌లో రైలు దిగింది ఏప్రిల్ 3న. అప్పటి రష్యా వాడిన పాత క్యాలెండరు, మనం వాడే కొత్త క్యాలెండరు కలగాపులగం చేశావు. రెండింటికీ 13 రోజుల తేడా. బట్టల మిల్లుల ఆడవాళ్లు పని మానేసి వీధికెక్కిన ఫిబ్రవరి 23 మన లెక్కకు మార్చి 8. పాతదే పట్టుకో, ‘ఫిబ్రవరి విప్లవం’ అన్న పేరు అప్పుడే అతుకుతుంది.

ఇక అసలు గొడవ. నీ పుస్తకంలో జనం ఎప్పుడు చూసినా సముద్రమే. పొంగుతారు, ఎగసిపడతారు, హోరెత్తుతారు. సముద్రానికి ఆకలి వేయదు కదా! రొట్టె కోసం నిలబడ్డ వరుసను అక్కడివాళ్లు ‘ఖ్వోస్త్’ అనేవారు, అంటే తోక. తెల్లవారకముందే వచ్చి ఆ తోకలో నిలబడి, కాళ్లు కొయ్యబారాక తలుపు దగ్గరికి చేరి, ‘అయిపోయింది, వెళ్లండి’ అన్న మాట విన్న ఒక్క ఆడమనిషిని చూపించు. దేశంలో ధాన్యం లేక కాదు. రైళ్లను యుద్ధం మింగేసింది, మిగిలినవి మంచులో ఆగిపోయాయి. ఈ సంగతి ఆమెకు తెలియనక్కరలేదు, నీకు తెలిస్తే చాలు. అన్నట్టు, రొట్టె అనగానే మన పాఠకుడికి పెనం మీది జొన్నరొట్టె కళ్లకు కడుతుంది. అది పుల్లటి నల్ల రొట్టె అని ఒక్కసారైనా చెప్పు.

నాలుగో అధ్యాయం దగ్గర నాకు కోపం వచ్చింది. కాల్చమన్నారు, సైనికుల గుండె కరిగింది, తుపాకులు దించేశారు. అంతేనా? ఫిబ్రవరి 26, ఆదివారం నాడు జ్నామెన్‌స్కయా కూడలిలో వొలీన్‌స్కీ రెజిమెంటు శిక్షణ దళం జనం మీద నిజంగానే కాల్చింది. పదుల సంఖ్యలో చనిపోయారు. మర్నాడు తిరుగుబాటు మొదలుపెట్టింది ఆ కాల్చిన దళమే. నీ నవల ఉండవలసింది ఆ రెండింటి మధ్య రాత్రిలో. తిమొఫేయ్ కిర్పీచ్నికొవ్ అనే సార్జెంటు, అతని తోటివాళ్లు గుసగుసలుగా మాట్లాడుకుని, ఇక కాల్చేది లేదని తేల్చుకున్నారు. ఏడింటికి లేపవలసిన దళాన్ని ఆరింటికే లేపారు.

ఆ దళం అధికారి కెప్టెన్ లష్కేవిచ్ వచ్చి అలవాటుగా దళాన్ని పలకరించాడు. ‘ఆరోగ్యం కోరుకుంటున్నాం’ అని, చివర అతని హోదాకు తగిన బిరుదు తగిలించి బదులివ్వాలి. ‘తమ సద్వంశం వారికి’ అన్నట్టుండే బిరుదులవి. ఆ ఉదయం ముందే అనుకున్న ప్రకారం అందరూ ఒక్క గొంతుతో ‘హుర్రా’ అన్నారు. కాసేపటికి, అతను ఆవరణ దాటుతుండగా తూటా తగిలి పడిపోయాడు. నువ్వైతే ఆ తూటా దగ్గర మూడు పేజీలు రాస్తావు. నేనైతే ఆ ‘హుర్రా’కీ తూటాకీ మధ్య ఆ గదిలో ఎవరి ఊపిరి ఎలా ఉందో రాస్తాను.

తర్వాతి సంగతులు నువ్వు బాగానే రాశావు: మిగతా రెజిమెంట్లు కలవడం, మార్చి 2న ప్స్కోవ్‌లో రైలు పెట్టెలోనే జార్ చక్రవర్తి సింహాసనం వదులుకోవడం. కానీ మార్చి 1న సోవియట్, అంటే కార్మికుల, సైనికుల ప్రతినిధుల సభ, సైన్యానికి జారీ చేసిన ఆర్డర్ నంబర్ 1ని రెండు వాక్యాల్లో తేల్చేశావు. తవ్రీచెస్కీ భవనంలో సొకొలోవ్ అనే వకీలు బల్ల ముందు కూర్చుంటే, చుట్టూ మూగిన సైనికులు తలా ఒక మాట చెబుతుండగా రాసిన కాగితమది. దళాల్లో కమిటీలు, వాటి అధీనంలో ఆయుధాలు అని నువ్వు చెప్పింది నిజమే. చివరి దాకా చదివావా? ఆ బిరుదులన్నీ రద్దు. అధికారులు ఇకపై సైనికులను ‘నువ్వు’ అనకూడదు.

ఇంగ్లీషులో రాసేవాడు ఇక్కడ వివరణ ఇచ్చుకోవాలి. నీకు ఆ బాధ లేదు. ట్రాము లోపల కూర్చోనివ్వని సైనికుడికి ఆ ‘మీరు’ ఎంతటిదో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అలాగని వాళ్ల నోట ‘బాంచెన్ దొరా’ అనిపించకు. పెట్రోగ్రాడ్‌లో గడీ లేస్తుంది.

ఒక అధికారి మొదటిసారి ‘మీరు’ అన్నప్పుడు, ఎవరితో మాట్లాడుతున్నాడోనని వెనక్కి తిరిగి చూసిన సైనికుడు ఉండే ఉంటాడు. చరిత్రలో అతని పేరు లేదు. నీ నవలలో పెట్టు.

నాలుగో అధ్యాయం తిరగరాసి పంపు. మరో మాట: నీ ఉత్తరం నిండా నన్ను ‘మీరు’ అన్నావు, నేనేమో మొదటి గీత నుంచీ నిన్ను ‘నువ్వు’ అంటున్నాను. అభ్యంతరం ఉంటే ఈసారి ఉత్తరంలో రాయి.

మీ అన్నయ్య