మీ మామగారు చెప్పిన లైట్‌హౌస్ ఏది?

ప్రశ్న: మాది నెల్లూరు, ఇరవై ఏళ్ళుగా చెన్నైలోనే ఉంటున్నాం. చిన్నప్పుడు హైకోర్టు మీద లైట్‌హౌస్ వెలిగేదని మా మామగారు అంటారు. మా అబ్బాయేమో "లైట్‌హౌస్ మెరీనాలో కదా తాతయ్యా!" అని నవ్వుతాడు. ఎవరిది నిజం? పాతది ఇంకా ఉందా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: ఇద్దరిదీ నిజమేనండీ. చెన్నపట్నంలో దీపం నాలుగు ఇళ్ళు మారింది.

మొదటిది 1796లో, సెయింట్ జార్జి కోటలో ఇప్పుడు మ్యూజియం ఉన్న భవనం పైకప్పు మీద నూనె దీపాలతో వెలిగింది. అప్పటికి ఇక్కడ హార్బర్ లేదు. ఓడలు నడి సముద్రంలో లంగరేసేవి, మనుషుల్నీ సరుకునీ మసూలా పడవల్లో ఒడ్డుకు తెచ్చేవారు. ఆ పడవల పలకలకు మేకులుండవు, కొబ్బరి పీచుతాడుతో కుట్టేవారు, ఎందుకంటే అల విసిరికొట్టి ఇసుకకు తగిలినా అవి కాస్త వంగి తట్టుకునేవి. అలాంటి ఒడ్డుకి రాత్రిపూట వచ్చే ఓడకి ఆ వెలుగు ఎంత ధైర్యమో ఆలోచించండి!

రెండోదే నాకు ప్రాణం. కెప్టెన్ జె.టి. స్మిత్ రూపకల్పనలో, పల్లావరం రాతితో దాదాపు 125 అడుగుల స్తంభంగా కట్టి, 1844 జనవరి 1న వెలిగించారు. హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ నిలబడే ఉంది. తర్వాత 1892లో హైకోర్టు భవనం వచ్చింది, దాని పెద్ద గుమ్మటం స్తంభం కంటే ఎత్తు కాబట్టి 1894లో దీపం అక్కడికి చేరింది. మీ మామగారు చూసింది దాన్నే. 1914లో జర్మన్ నౌక ఎండెన్ ఊరి మీద గుండ్లు కురిపించినప్పుడు కూడా దీపం ఆ గుమ్మటం మీదే ఉండేది. మొత్తం 83 ఏళ్ళు! 1977లో మెరీనాకి మారింది, అదే మీ అబ్బాయి చెప్పే ఎరుపు తెలుపు చారల మూడు మూలల కట్టడం, లిఫ్ట్ కూడా ఉంది.

పాతది నిలవాలంటే ముందు సిమెంటు నుంచి కాపాడాలి. గ్రానైటు త్వరగా చెడదు, చెడేది రాళ్ళ మధ్య సున్నం. ఉప్పుగాలికి అది పొడిగా రాలుతుంది, ఆ సందులో కాకి వేసిన రావి విత్తనం మొలుస్తుంది, వేరు లావెక్కేకొద్దీ రాయి జరుగుతుంది. అలాంటిచోట సిమెంటు కుక్కితే తేమ లోపలే చిక్కుకుంటుంది. ఒక పాత కట్టడంలో నేను అలా పూసిన చోట వేలితో కొట్టి చూశాను, డొల్లగా మోగింది, పెచ్చు చేతిలోకొచ్చేసింది, దానితో పాటు వెనకున్న పాత ఇటుక ముక్క కూడా ఊడొచ్చింది. చాలా బాధేసింది. గుల్ల సున్నం నానబెట్టి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి నూరే పద్ధతి మన తాపీమేస్త్రీల్లో పాతవాళ్ళకు ఇంకా తెలుసు. ఖర్చూ టైమూ ఎక్కువైనా సరే, అలాంటివాళ్ళతోనే చేయించాలి.

మెరీనా లైట్‌హౌస్ పైకి 2013 నవంబరు నుంచి మళ్ళీ జనాన్ని అనుమతిస్తున్నారు. వేళలు ముందే కనుక్కుని, తాతామనవళ్ళని కలిపి పంపండి. పైనుంచి చూస్తే కింద నొచ్చికుప్పం పడవలు, ఉత్తరాన హార్బరు క్రేన్లు కనిపిస్తాయి. హైకోర్టు గుమ్మటం ఎటువైపుందో మీ మామగారినే చూపించమనండి.