కెరటం తోసిందా, మీరే పరిగెత్తారా?

ప్రశ్న: 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని (తలా ఒక పాత్ర పట్టుకుని పాచికలతో ఆడే కథల ఆట) మేం ఆదివారాలు ఆడుతుంటాం. మొన్న నా విజార్డ్, అంటే మాంత్రికుడు, థండర్‌వేవ్ మంత్రం వేస్తే శత్రువు గాబ్లిన్ 10 అడుగుల దూరం ఎగిరిపడింది. దాని పక్కనే ఉన్న మా ఫైటర్ ఆపర్చ్యూనిటీ అటాక్ (అందుబాటులోంచి జారుకునే శత్రువుని కొట్టే దెబ్బ) చేస్తానంటే, ఆట నడిపి తీర్పులు చెప్పే డంజన్ మాస్టర్ కుదరదన్నాడు. అంతకుముందు వారం మా బార్డ్ (పాటగాడి పాత్ర) డిసోనెంట్ విస్పర్స్ అనే గుసగుసల మంత్రం వేసినప్పుడు మాత్రం సరేనన్నాడు. రెండూ తరిమే మంత్రాలే కదా, ఎందుకండీ ఈ పక్షపాతం?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆయన్ని ఏమీ అనకండి బాబూ, రెండుసార్లూ ఆయనదే రైటు.

ఆర్కే బీచ్‌లో మోకాలి లోతున నిలబడ్డారనుకోండి. కెరటం వచ్చి ఇసకలో పడేసింది. అందులో మీ ప్రమేయం లేదు. అదే కెరటాన్ని చూసి హడలిపోయి ఒడ్డుకు పరిగెత్తారు, అప్పుడు కాళ్లు మీవే. రూలు చూసేదీ ఇదే. శత్రువుని తన మూవ్‌మెంటో, యాక్షనో, రియాక్షనో (రౌండుకి ఒక్కసారే వాడగల ప్రతిచర్య) ఖర్చవకుండా ఎవరో జరిపితే ఆపర్చ్యూనిటీ అటాక్ రాదు. థండర్‌వేవ్‌కి కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టితనంతో తట్టుకోడానికి వేసే పాచిక) తప్పిన గాబ్లిన్ కెరటం దెబ్బ తిన్నదే. డిసోనెంట్ విస్పర్స్‌కి విజ్డమ్ సేవ్ (మనసు నిబ్బరంతో తట్టుకునేది) తప్పినది తన రియాక్షన్ వాడి తనే పారిపోతుంది. అక్కడ మీ ఫైటర్ కత్తికి పని ఉంది. రియాక్షన్ అప్పటికే అయిపోయుంటే అసలు కదలదు.

ఇంత ధీమాగా చెబుతున్నానుగానీ, ఎంవీపీ కాలనీలో మా మేడ మీద నేనూ తప్పు తీర్పులిచ్చినవాణ్ణే. పాత క్యాలెండర్ వెనక గళ్లు గీసి, గడికి 5 అడుగుల లెక్కన, చింతపిక్కల్ని గాబ్లిన్లు చేసుకుని ఆడేవాళ్లం. బార్డ్ గుసగుస వేయగానే మా తమ్ముడు పిక్కని తిన్నగా గోతిలోకి నెట్టాడు, నేను ఊఁ అన్నాను. ఆ మంత్రానికి పారిపోయేవాళ్లు ఎదురుగా కనిపిస్తున్న గోతిలోకీ మంటలోకీ వెళ్లరు. అందులో పడెయ్యాలంటే థండర్‌వేవే కావాలి. గోయి 40 అడుగులైతే నాలుగు ఆరుముఖాల పాచికలంత దెబ్బ.

మీలో డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాల పాత్ర) ఉంటే ముందు నేలంతా ముళ్లు మొలిపించే స్పైక్ గ్రోత్ వేయించండి. నడిచొచ్చావా, తోస్తే వచ్చావా అని ముళ్లు అడగవు. వాటిలో జరిగిన ప్రతి 5 అడుగులకీ రెండు నాలుగుముఖాల పాచికలు.

అన్నట్టు, థండర్‌వేవ్ 15 అడుగుల ఘనం, మనవాళ్లూ పరాయివాళ్లూ అని చూడదు. గాబ్లిన్ పక్కనే నిలబడ్డ మీ ఫైటర్ చేత సేవ్ వేయించారా మొన్న?