వేర్పాటు గొడవ యుద్ధమయ్యేది ఎక్కడ? లుహాన్స్క్‌లో చదివిన హైదరాబాదీగా నేను చూసింది

మీరు అడిగింది: ఒక దేశం లోపల మొదలైన వేర్పాటు గొడవ పక్క దేశంతో యుద్ధం దాకా ఎలా పోతుంది? తమ్ముణ్ణి మెడిసిన్‌కి జార్జియా పంపాలనుకుంటున్నాం, ఇలాంటి చోట్ల చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి అని.

నేను ఎంబీబీఎస్ మొదలుపెట్టింది తూర్పు ఉక్రెయిన్‌లోని లుహాన్స్క్‌లో. 2014లో అక్కడి నుంచి బయటపడి, వేరే ఊళ్లో పూర్తిచేసి, ఇప్పుడు హైదరాబాద్‌లోనే ప్రాక్టీస్ చేస్తున్నాను. నాకు అర్థమైనంతలో, జనం కోపం ఒక్కటే యుద్ధం తెచ్చిపెట్టదు. సరిహద్దు అవతలి నుంచి తుపాకులు, వాటిని వాడటం తెలిసిన మనుషులు రావాలి. వాళ్లు వచ్చాక కూడా చాన్నాళ్లు అందరూ దాన్ని లోపలి గొడవ అనే పిలుస్తారు.

కోపం లేదని కాదు. లుహాన్స్క్ బొగ్గు గనుల ప్రాంతం. 2001 జనాభా లెక్కల్లో తాము రష్యన్లమని రాయించుకున్నవాళ్లు అక్కడ 39 శాతం, మాతృభాష రష్యన్ అని రాయించుకున్నవాళ్లు 69 శాతం దాకా. మా హాస్టల్ గేటు దగ్గర కూర్చునే పెద్దావిడ కొడుకు గనిలో పనిచేసేవాడు, చెల్లెలి కుటుంబం అవతల రష్యాలోని రోస్తోవ్‌లో ఉండేది. ఆవిడకి రాజధాని కీవ్‌లోని నాయకులంటే పడదు. అలాగని పుతిన్ మీద ప్రత్యేకంగా ప్రేమేం లేదు. పెన్షన్ టైముకి రావాలి, అంతే. 2014 ఫిబ్రవరిలో, కీవ్‌లో నెలల తరబడి సాగిన నిరసనల తర్వాత, రష్యా వైపు మొగ్గే యనుకోవిచ్‌ని ఉక్రెయిన్ అధ్యక్ష పదవి నుంచి తీసేసిన మర్నాడే, రష్యన్‌కి ప్రాంతీయ హోదా ఇచ్చిన చట్టాన్ని రద్దు చేస్తూ పార్లమెంటు ఓటేసింది. తాత్కాలిక అధ్యక్షుడు సంతకం పెట్టలేదు కాబట్టి చట్టం అలాగే ఉండిపోయింది. కానీ ఆవిడ దాకా వచ్చిన కబురు ఒక్కటే: మన భాష తీసేశారు.

ఆ రోజుల్లో హాస్టల్లో మా గొడవ వేరు. ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో రాష్ట్ర విభజన బిల్లు పాసైంది. సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే కీవ్ నిరసనల్లో పదుల కొద్దీ జనం కాల్పుల్లో పోయారు. ఒకే కుక్కర్లో అన్నం వండుకుని తినే వరంగల్, గుంటూరు వాళ్లం ఉప్పూనిప్పూలా ఉన్నాం, టీవీలో కీవ్ తగలబడుతుంటే ఒక్కడూ పట్టించుకోలేదు. తెలంగాణది వేర్పాటువాదం కాదు, దేశంలోనే ఇంకో రాష్ట్రం అడగడం, కాబట్టి పోలిక ఎక్కువ దూరం లాగను. కాకపోతే 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచిన ఊరి నుంచి వెళ్లినవాణ్ణి. మార్చిలో లుహాన్స్క్ వీధుల్లో కనిపించిన కోపం అంతకంటే పెద్దదేం కాదు. ఏప్రిల్‌లో కీవ్‌కి చెందిన ఒక సర్వే సంస్థ అడిగితే, ఆ ప్రాంతంలో రష్యాలో కలుద్దామన్నవాళ్లు 30 శాతమే.

ఏప్రిల్ 6న రష్యా వైపు ఉన్న నిరసనకారులు ఊళ్లోని ఉక్రెయిన్ భద్రతా సంస్థ ఆఫీసుని ఆక్రమించారు. అక్కడ ఆయుధాగారం ఉంది. అంతకుముందు కర్రలు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ల చేతుల్లోకి రైఫిళ్లు వచ్చాయి. బిల్డింగ్ ముందు టైర్లు, ఇసుక బస్తాలు, టెంట్లు, పెద్ద గిన్నెలో ఉడుకుతున్న సూప్. మేం అటుగా పోతుంటే ముసుగు వేసుకున్నవాడు కూడా "ఇండియా? మిథున్!" అని హిందీ హీరో మిథున్ చక్రవర్తి పేరు చెప్పి నవ్వేవాడు.

అదే రోజు ఖార్కివ్‌లో కూడా ప్రభుత్వ భవనం పట్టుకుని, మర్నాడు ప్రజా రిపబ్లిక్ అని ప్రకటించేశారు. అక్కడా రష్యన్ మాట్లాడే జనమే, సరిహద్దు కూడా దగ్గరే. కానీ 8వ తేదీ తెల్లవారుజామున ప్రత్యేక దళం వచ్చి భవనం ఖాళీ చేయించింది. అక్కడితో సరి. మా పక్కనే ఉన్న దొనేత్స్క్ ప్రాంతంలోని స్లొవ్యాన్స్క్‌లో అలా జరగలేదు. ఏప్రిల్ 12న ఇగోర్ గిర్కిన్ అనే రష్యన్ భద్రతా సంస్థ మాజీ అధికారి, పదుల సంఖ్యలో సాయుధుల్ని వెంటేసుకుని సరిహద్దు దాటి వచ్చి ఆ ఊరు పట్టుకున్నాడు. యుద్ధానికి ట్రిగ్గర్ నొక్కింది తనేనని, తన దళం దాటి రాకపోయుంటే అంతా ఖార్కివ్‌లో లాగే చల్లారిపోయేదని అదే ఏడాది నవంబరులో ఒక రష్యన్ పత్రికకి తనే చెప్పుకున్నాడు. మీ ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు నేనివ్వలేను.

కీవ్ తప్పులు చేయలేదనీ అనను. జూన్ 2న ఊళ్లోని సరిహద్దు దళం స్థావరం మీద తిరుగుబాటుదారులు దాడికి దిగారు. మధ్యాహ్నం యుద్ధ విమానం వచ్చి ఊరి నడిబొడ్డున, ప్రాంతీయ పరిపాలనా భవనం మీద రాకెట్లు వేసింది. 8 మంది చనిపోయారు. కీవ్ ముందు మేం కాదంది. విమానం నుంచి వచ్చిన రాకెట్లేనని యూరప్ భద్రతా సహకార సంస్థ పరిశీలకులు మర్నాడు రాశారు. ఆ తర్వాత పెద్దావిడ దగ్గర కీవ్ ఊసెత్తే పని లేదు. సాయంత్రం అమ్మ ఉప్పల్ నుంచి ఫోన్ చేసింది. తెలంగాణ వచ్చిన రోజు కదా, వెనక ఒకటే టపాసులు. స్పీకర్లో ఆ చప్పుడు వినగానే మా గుడివాడ రూమ్మేట్ మంచం దిగి గోడకి ఆనుకున్నాడు. మమ్మల్ని పంపిన అమీర్‌పేట కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం అప్పటికీ నాన్నతో "చిన్న గొడవ సార్, నెక్స్ట్ ఇయర్ ఫీజు కట్టేయండి" అంటూనే ఉన్నారు. ఎంబసీ వాళ్ల సాయంతో మేం కొన్నాళ్లకే కీవ్ రైలెక్కాం.

లుహాన్స్క్ ప్రాంతానికి మూడు వైపులా రష్యానే. ఆ వేసవిలో చెక్‌పోస్టులు తిరుగుబాటుదారుల చేతికి పోయాక ఏది వచ్చినా ఆపేవాడు లేడు. జులై 17న రష్యా నుంచి వచ్చిన మిసైల్‌తోనే మలేషియా ప్రయాణికుల విమానం కూల్చేశారు, 298 మంది పోయారు. ఆగస్టులో ఉక్రెయిన్ సైన్యం పైచేయి సాధించేలా కనిపించేసరికి రష్యా సైన్యమే దిగింది. పట్టుబడ్డ పారాట్రూపర్ల గురించి పొరపాటున సరిహద్దు దాటారని మాస్కో చెప్పింది. నా లెక్కలో రెండు దేశాల యుద్ధం అప్పుడే మొదలైంది, 2022 దాని రెండో అంకం.

మధ్యలో పోరు ఆపడానికి చేసుకున్న మిన్స్క్ ఒప్పందాలు ఉన్నాయి కదా అంటారా? 2015 ఒప్పందంలోని చిక్కు కూడా సరిహద్దే. ముందు తిరుగుబాటు ప్రాంతాల్లో ఎన్నికలు పెట్టండి, తర్వాత సరిహద్దు అప్పగిస్తామని రష్యా పక్షం. సరిహద్దు మా చేతికి రాకుండా ఎన్నికలేంటని ఉక్రెయిన్. తేలలేదు. 2019లో రష్యా అక్కడివాళ్లకి పాస్‌పోర్టులు ఇవ్వడం సులభం చేసింది. 2022 ఫిబ్రవరి 21న లుహాన్స్క్, దొనేత్స్క్ రెండింటినీ దేశాలుగా గుర్తించింది, 24న అక్కడివాళ్ల రక్షణ పేరు చెప్పి దండెత్తింది.

మీ తమ్ముడి విషయానికొస్తే, జార్జియాలో ఇది ముందే జరిగిపోయింది. రష్యా సరిహద్దులో ఉన్న దక్షిణ ఒసేతియా, అబ్ఖాజియా అనే రెండు ప్రాంతాలు 1990ల మొదట్లోనే జార్జియా రాజధాని తిబిలిసీ చేయి జారాయి. 2002 నుంచి రష్యా అక్కడివాళ్లకి తన పాస్‌పోర్టులు పంచింది, 2008 ఆగస్టులో జార్జియాతో అయిదు రోజుల యుద్ధం, అదే నెల 26న ఆ రెండింటినీ దేశాలుగా గుర్తించింది. మనవాళ్లు ఇప్పుడు అక్కడ బోలెడుమంది చదువుతున్నారు, నేను వద్దనను. ఊళ్లో ధర్నాలు చూసి టెన్షన్ పడొద్దు, సరిహద్దు ఎవరి చేతిలో ఉందో, అవతలివాళ్లు ఎవరిని తమ పౌరులంటున్నారో చూడండి.

నాలాగా మధ్యలో కాలేజీ మారి గట్టెక్కడం ఇప్పుడు కుదరదు. మన జాతీయ మెడికల్ కమిషన్ 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సంతా ఒకే కాలేజీలో చేయాలి, ఉక్రెయిన్ వాళ్లకి ఇచ్చిన సడలింపు ప్రత్యేకం. వెళ్లగానే ఎంబసీలో పేరు నమోదు చేయించుకోమనండి. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు తన దగ్గరే ఉంచుకుని, కాలేజీకి వీలైనంత వరకు నోటరీ కాపీలే ఇమ్మనండి.