పాత జీపు డీజిల్ పైపు నట్టు తుప్పు పట్టి కదలడం లేదు, గ్యాస్ పెట్టి కాల్చవచ్చా?

కాల్చనివ్వొద్దు అన్నా. కొత్తపట్నంలో ఉప్పుగాలికి మీ జీపు ఫిల్టర్ దగ్గర పైపు నట్లు బిగుసుకుపోయాయని, గ్యాస్ మంట చూపిస్తే వదులుతాయి, డీజిల్ పెట్రోలు లాగా అంటుకోదులే అని మెకానిక్ అన్నాడని రాశారు. మన దేశంలో అమ్మే డీజిల్‌కి ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు, అంటే ఆ వేడి దగ్గరే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకోవచ్చు. ఒంగోలు, నెల్లూరు ఎండలు వేసవిలో 40 దాటుతాయి కదా, ఇంక మంట కూడా పెడితే ఏమవుతుందో ఆలోచించండి. ట్యాంకు ఖాళీ చేశాం కదా అన్న ధైర్యం ఇంకా చెడ్డది, ఖాళీ ట్యాంకు నిండా ఆవిరే ఉంటుంది.

మాది కావలి దగ్గర, తుమ్మలపెంట వైపు. రొయ్యల గుంటలకు మేత, డీజిల్ మోసే పాత జీపు మా ఇంట్లో ఉంది, దాని పైపులన్నీ విప్పి మార్చుకున్నాం కాబట్టి చెబుతున్నాను. ముందు ఒకటి తేల్చుకోండి, ఏది కాపాడాలి, ఏది పోయినా ఫర్వాలేదు అని. నట్టు అంతగా తుప్పు పట్టిందంటే పైపు కూడా లోపల సగం తినేసే ఉంటుంది, దాన్ని కాపాడాలని చూడటం దండగ. కాపాడాల్సింది ఫిల్టర్ హెడ్‌లోని, అంటే ఫిల్టర్ పైన పైపులు బిగించే భాగంలోని మర. హెడ్ అల్యూమినియం, నట్టు ఇనుము, ఈ రెండూ ఉప్పు తేమలో కలిస్తే అల్యూమినియం తెల్లగా పొడిలా లేచి మరను పట్టేస్తుంది. బలం పెట్టి లాగితే నట్టుతో పాటు మర కూడా ఊడి వస్తుంది, అప్పుడు హెడ్ మొత్తం కొనాలి.

వైర్ బ్రష్‌తో నట్టు చుట్టూ బాగా రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. నట్టు హెడ్‌లోకి దిగే చోటే కాదు, పైపు నట్టులోకి దూరే చోట కూడా కొట్టాలి, చాలామంది ఇది వదిలేస్తారు. నట్టు పైపుకే అతుక్కుపోయి ఉంటే నట్టు తిప్పినప్పుడు పైపు కూడా మెలిపడుతుంది. సాయంత్రం ఒకసారి, రాత్రి ఒకసారి కొట్టి పొద్దున దాకా వదిలేయండి. పొద్దున చిన్న సుత్తితో నట్టు పక్కల మీద మెల్లగా తట్టి, ముందు రవ్వంత బిగించే వైపు తిప్పి, తర్వాత వదిలే వైపు తిప్పండి. కొంచెం కదిలితే మళ్లీ స్ప్రే, మళ్లీ వెనక్కి, ముందుకి. తొందరపడితే పని చెడుతుంది.

మామూలు డబుల్ ఎండ్ పానా వాడొద్దు, అది రెండు పక్కలే పట్టుకుని మూలలు గుండ్రం చేసేస్తుంది. పైపు దూరడానికి సందు ఉండే రింగు పానా, ఫ్లేర్ నట్ పానా అంటారు, అది తెచ్చుకోండి. అవతలి వైపు ఆరు పలకల భాగం (హెక్స్) ఉంటే దాన్ని ఇంకో పానాతో పట్టుకుని తిప్పాలి. నెల్లూరు ఆటోనగర్‌లో అడిగి చూడండి.

అప్పటికీ రాకపోతే పైపుని నట్టు దగ్గరగా హ్యాక్సా బ్లేడుతో, చేత్తోనే కోసేయండి, గ్రైండర్ రవ్వలు వద్దు. పైపు అడ్డం పోతే ఆరు మూలల సాకెట్ పానా నట్టు మీద పూర్తిగా కూర్చుంటుంది, అక్కడ ఎంత మొండి నట్టయినా దాదాపు వచ్చేస్తుంది. వేడి కావాలనే అనిపిస్తే హెడ్‌ని బండి నుంచి విప్పి, డీజిల్ వంచేసి, బాగా తుడిచి మరిగిన నీళ్లు పోయండి. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి ఆ కాస్త వేడికే పట్టు సడలుతుంది.

కొత్త పైపు స్టీలుదే వేయించండి. రాగి వంచడం సులువని వేసేస్తారు కానీ రాగి తగిలితే డీజిల్ త్వరగా చెడి జిగురు కడుతుంది. బ్యాంజో బోల్టుకి, అంటే మధ్యలో డీజిల్ పారే రంధ్రం ఉండే బోల్టుకి, రెండు వైపులా రాగి వాషర్లు మాత్రం కొత్తవి వేయాలి, అవి పదీపరకా ఖర్చే. మర మీద టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, ముక్కలు తెగి పంపులోకి పోతాయి. బిగించాక బయట గ్రీజు రాయండి, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు వానలకు ముందు.

ఇంకో మాట. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ని లాగే పంపు) దాకా ఉండే పైపు డీజిల్‌ని పీల్చే వైపు, అక్కడ జాయింటు సరిగ్గా కూర్చోకపోయినా చుక్క కారదు, కానీ గాలి లాగుతుంది. బాగానే ఉందనుకుంటాం, పొద్దున స్టార్ట్ చేస్తే సతాయిస్తుంది. అలా జరిగితే పంపు ముందు తాత్కాలికంగా లోపల కనిపించే పారదర్శక ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి ఇంజిన్ నడపండి, బుడగలు కనిపిస్తే జాయింటు మళ్లీ విప్పి చూడాలి. ఆ ముక్కని అలాగే వదిలేసి తిరగొద్దు, ఇంజిన్ వేడికి అది మెత్తబడి జారిపోతుంది.