మెకానిక్ నాన్న గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నాన్నగారి సంవత్సరీకానికని నువ్వు రాసి పంపిన వ్యాసమూ, దానికి జతచేసిన ఉత్తరమూ అందాయి. వ్యాసం ఒకసారి చదివాను. ఉత్తరం మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

వ్యాసంలో మీ నాన్నగారు మూడు పేరాల్లో ఉన్నారు. మొదటి దాంట్లో కష్టజీవి. పన్నెండేళ్ళకే బెజవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డులో చేరి, పానాలు అందిస్తూ పని నేర్చుకుని, పటమటలో సొంతంగా టూవీలర్ షెడ్డు పెట్టుకున్న మనిషి. రెండో దాంట్లో సరదా మనిషి. ఎప్పుడూ నవ్వుతూ, నలుగురినీ నవ్విస్తూ ఉండేవారు. మూడో దాంట్లో కుటుంబీకుడు. ఇద్దరు పిల్లల్ని చదివించారు, ఇంట్లో ఏ లోటూ రానివ్వలేదు. అన్నీ నిజాలే, నాకు అనుమానం లేదు. కానీ ఈ మూడు పేరాలూ తీసుకెళ్ళి మరో ఊళ్ళో మరో మెకానిక్ ఫొటో కింద పెట్టినా చక్కగా సరిపోతాయమ్మా. వాటిల్లో మీ నాన్నగారు కనపడలేదు.

ఉత్తరంలో కనపడ్డారు. అమావాస్య నాడు షెడ్డుకి సెలవు కాబట్టి సాయంత్రం మిమ్మల్ని ముగ్గుర్నీ చేతక్ స్కూటరు మీద ఎక్కించుకుని బ్యారేజీకి తీసుకెళ్ళేవారని మాటల్లో మాటగా రాశావు. గేట్లు లెక్కపెట్టమనేవారట. నువ్వు 70 అంటే, "కాదు, 69. ఒకటి మన షెడ్డుకి సర్వీసుకొచ్చింది" అనేవారట.

ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. బెజవాడలో పెరిగిన పిల్లలు ఆ 70 గేట్లనీ ఎప్పుడో ఒకప్పుడు లెక్కపెట్టే ఉంటారు. వాటిల్లో ఒకటి సర్వీసుకొచ్చిందనే మాట మాత్రం మెకానిక్ నోటినుంచే వస్తుంది, అదీ పిల్లల్ని ఆటపట్టించడం ఇష్టమైన మెకానిక్ నోటినుంచి. ఆ ఒక్క మాటలో ఆయన పని ఉంది, సరదా ఉంది. బండి ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకున్న నువ్వున్నావు, వెనక పక్కకి తిరిగి తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకున్న మీ అమ్మగారున్నారు. నేను నీకు చెప్పదలచుకున్నది ఇదే. ఆయన పనీ, నవ్వూ, ఇల్లూ ఆయన బతికినన్నాళ్ళూ ఒకేచోట ఉన్నాయి. రాయడానికి కూర్చున్నప్పుడు నువ్వే వాటిని విడదీశావు. అవి కలిసి ఉన్న చోట్లు వెతుక్కో, అక్కణ్ణుంచి రాయి.

అలాంటి ఇంకో చోటు ఆయన పద్దు పుస్తకం. కస్టమర్ల పేర్లు గుర్తుండక బళ్ళ గుర్తులు రాసుకునేవారన్నావు. "ఊగే హ్యాండిలు మేస్టారు 60", "పొగ చేతక్ కిరాణా 25", "స్టాండు లేని లూనా 10". ఆ పుస్తకంలోంచి ఒక పేజీ ఎత్తి రాయి. అక్షరం దిద్దకు, ఆయన తప్పుగా రాస్తే తప్పుగానే ఉంచు. కొన్ని పద్దుల పక్కన "పోనీలే" అని రాసి కొట్టేశారన్నావు కదా, అవెవరివో, ఎందుకు పోనిచ్చారో మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది. నీ వ్యాసంలో "దానగుణం కలవారు" అన్న ముక్క ఉంది. ఆ "పోనీలే" వచ్చాక ఇక దాని అవసరం ఉండదు, తీసెయ్.

పని గురించి నువ్వు రాసింది మరీ తక్కువ. "పనిలో ఆయనకి ఆయనే సాటి" అని ఒక్క వాక్యంతో దాటేశావు. ఇక్కడే నిలబడాలి. పని తెలియని నాలాంటి వాడు ఆయన పక్కన నించుని చూస్తున్నట్టు ఉండాలి.

ఆయన షెడ్డు తెరిచిన రోజుల్లో పెట్రోల్లో ఆయిలు కలిపి పోయించుకునేవాళ్ళం. 1972లో వచ్చిన చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళు ఎన్నో. అంత ఎదురుచూసి తెచ్చుకున్న బండిని ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేవాళ్ళు కాదు. ఇంటికో డాక్టరున్నట్టు ఇంటికో మెకానిక్ ఉండేవాడు. పొద్దున్నే బండి స్టార్టు కాదు. ఒక పక్కకి వంచి పెట్టి, మళ్ళీ నిలబెట్టి, అరడజను కిక్కులు కొట్టి, చెమటలు కక్కుతూ తోసుకుంటూ షెడ్డుకి తీసుకెళ్ళేవాళ్ళం. అప్పుడు మెకానిక్ చేసే మొదటి పని ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి దాని మూతి చూడటం. కాఫీ రంగులో ఉంటే లోపల మంట సరిగ్గా ఉన్నట్టు. తడిగా, నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువైనట్టు. తెల్లబడిపోయి ఉంటే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కుతున్నట్టు. తర్వాత గుడ్డతో తుడిచి, సాండ్ పేపరుతో రుద్ది, ఇనుము కోసే ఆక్సా బ్లేడు ముక్క దూర్చి మూతి దగ్గరి గ్యాపు సరిచేస్తాడు. ఆ బ్లేడు మందం ఇంచుమించు 0.6 మిల్లీమీటర్లు, ప్లగ్గుకి కావలసిన గ్యాపూ దాదాపు అంతే. ఈ సంగతి ఏ స్కూల్లోనూ చెప్పరు, షెడ్డులో చెబుతారు. మీ నాన్నగారికి ఎవరు చెప్పారు? ఆయన ఎవరికి చెప్పారు? ఇవి కనుక్కో.

స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవారని రాశావు. అప్పుడు షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదన్నావు కూడా. అంత నవ్వించే మనిషి అందరినీ నోరుమూసుకోమనే సమయం అదొక్కటే కదా. ఆ రెండు క్షణాలూ తొందరపడకుండా రాయి. ఆ చప్పుడు టప్పెట్లదా, చైన్‌దా, బేరింగ్‌దా అన్నది తేల్చుకుని తలెత్తాక బండి గలాయనతో ఏమనేవారు? నువ్వు స్కూలు నుంచి వస్తూ అక్కడ ఆగేదానివి, నీకు తెలిసే ఉంటుంది.

ఇక చేతులు. "గ్రీజు అంటిన ఆ చేతులే మా జీవితాలకు వెలుగు" అని ముగించావు. మెకానిక్ గురించి ఎవరు రాసినా ముందు తట్టేది ఈ వాక్యమే, అందుకే దాన్ని వదిలేయమంటున్నాను. బదులుగా ఆ గ్రీజు ఎలా వదిలించుకునేవారో రాయి. కిరసనాయిలుతోనా, బట్టల సబ్బు పొడితోనా? షెడ్డులోనే కడుక్కుని వచ్చేవారా, ఇంటి వెనక కుళాయి దగ్గరా? అన్నం తినేటప్పుడు మీ అమ్మగారు ఆయన గోళ్ళు చూసి ఏమైనా అనేవారా? వీటిల్లో ఒక్కదానికి నిజమైన జవాబు దొరికితే "వెలుగు" అన్న మాట దానంతటదే రాలిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. నీ వ్యాసంలో 2020 తర్వాత ఏమీ లేదు. ఉత్తరంలో ఉంది. ఆ ఏడాది మార్చి 25 నుంచి లాక్‌డౌన్, వారం తిరక్కుండా ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్ళ పొగకి బీఎస్-6 నిబంధనలు. షట్టరు పడింది, మళ్ళీ లేచింది. కానీ కొత్త బళ్ళు చాలావాటిల్లో పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటర్ లేదు, ఆ పని సెన్సర్ల మీద నడుస్తుంది. ఫ్రీ సర్వీసులు అయ్యేదాకా కొత్త బళ్ళు షోరూము దాటి రావు కాబట్టి ఆ మార్పు బయటి షెడ్ల మీద కాస్త ఆలస్యంగా పడింది. సెన్సర్ పోతే ఇంజను శబ్దం మారాలని లేదు, మీటరు మీద ఒక లైటు వెలుగుతుంది. స్కానర్ తగిలిస్తే తప్పు ఎక్కడుందో చెప్పే కోడ్ చూపిస్తుంది. నలభై ఏళ్ళ పైన చెవితో పని చేసిన మనిషికి అదెలా ఉండి ఉంటుందో ఆలోచించు.

"ఓ రెండు నెలలు నాన్న సరిగ్గా మాట్లాడలేదు" అని రాసి, వెంటనే ఇంకో సంగతికి వెళ్ళిపోయావు. మళ్ళీ వెనక్కి రా. నవ్వుతూ బతికిన మనిషి నవ్వడం మానేసిన ఆ రెండు నెలలూ రాయకపోతే ఆయన నవ్వు విలువ చదివేవాళ్ళకి తెలియదు. బాధపెట్టే సంగతి బయటపెడితే నాన్నని తక్కువ చేసినట్టవుతుందని భయపడ్డావేమో. అవ్వదమ్మా. భోజనం దగ్గర ఆయన ఎలా కూర్చునేవారు, షెడ్డుకి ఎన్నింటికి వెళ్ళేవారు, ఫోను మోగితే ఎత్తేవారా అన్నవి ఉన్నవి ఉన్నట్టు పెట్టు. ఏడిపించడానికి ప్రయత్నించకు.

ఆ తర్వాతి సంగతి చదివి నేను ఉత్తరం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. తన దగ్గర పని నేర్చుకుని షోరూములో చేరిన కుర్రాడి ఇంటికి ఆదివారాలు వెళ్ళి స్కానర్ నేర్చుకొచ్చారా! అప్పట్నుంచీ ఆ కుర్రాణ్ణి పదిమందిలోనూ "మేస్త్రి గారూ" అని పిలిచేవారా! అమ్మాయీ, నీ వ్యాసానికి గుండెకాయ అదే. షెడ్డులో పని నేర్పిన గురువుకే దక్కే ఆ పిలుపుకి ఎంత బరువుందో నీకు నేను చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ళ వయసు నుంచీ ఆయన ఆ మాటతో ఎవరెవర్ని పిలిచి ఉంటారో, ఎన్నేళ్ళకి తనని అలా పిలిపించుకున్నారో చూసుకో. సరదాకే అన్నారేమో, నిజంగానే అన్నారేమో. నాకైతే రెండూ కలిపే అన్నారనిపిస్తోంది.

ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళు. "నాన్న ఎలాంటివారు" అని అడగకు. చనిపోయిన మనిషి గురించి అలా అడిగితే ఎవరైనా "దేవుడమ్మా" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. మొదటి ఆదివారం ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఆయన మొదట ఏమడిగారు, టీ ఎవరు తెచ్చారు, ఏది ఎంత చెప్పినా ఎక్కలేదు, ఇవి అడుగు. మిగతా శిష్యుల్ని "ఆయన నిన్ను ఎందుకు తిట్టారు" అని అడుగు, గలగలా చెబుతారు. స్పేర్ పార్టుల కొట్టాయన్నీ, టీ కొట్టాయన్నీ వదలకు. దసరాకి పానాలన్నీ కడిగి బొట్లు పెట్టేటప్పుడు ఆయన ముందు దేన్ని తీసేవారో ఆ పిల్లలకి గుర్తుంటుంది. మీ అమ్మగారిని మాత్రం, ఆయన జోకుల్లో విని విని విసుగెత్తింది ఏదని అడుగు.

మొదలు గురించి ఒక్క మాట. ఫోను మోగడంతో, ఆస్పత్రితో మొదలుపెట్టావు. ఆ చివరి పది రోజులూ ఇంకా నీ కళ్ళముందే ఉంటాయి, నాకర్థమవుతుంది. కానీ ఆయన అరవై ఏళ్ళు బతికారు. ఆ పది రోజులకి రెండు వాక్యాలు చాలు, అవి ఎక్కడో మధ్యలో వచ్చినా ఫరవాలేదు. ముందు బండి స్టార్టు కానీ.

సంవత్సరీకానికి ఇంకా నెలన్నర ఉందన్నావు. చిన్న పుస్తకంగా వేసి, వచ్చినవాళ్ళకి ఇద్దామనుకుంటున్నావు. వచ్చేవాళ్ళల్లో షెడ్డు పిల్లలుంటారు, పొగ చేతక్ కిరాణా ఆయన కూడా ఉండొచ్చు. వాళ్ళు పట్టుకున్న తప్పు ఏ సంపాదకుడూ పట్టుకోలేడు, కాబట్టి పానా నంబరు దగ్గర్నుంచీ సరిచూసుకో. రెండో ప్రతి అయ్యాక ముందు మీ అమ్మగారికి పైకి చదివి వినిపించు. ఆవిడ "అలా కాదే" అని ఆపిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకుని, ఆవిడ చెప్పింది పక్కన రాసుకో. దిద్ది శుభ్రంగా రాయకు, ఆ గీతలతోనే నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి